పొట్టకానించుకున్న బోల్టు

ఇనుము ఇంత చల్లగా ఉంటుందని ఇన్నేళ్ళుగా ఇనుముతోనే బతుకుతున్న పెంచల్‌కు కూడా తెలియదు. స్వెట్టరు కింద చొక్కా, చొక్కా కింద బనీను, ఆ బనీను కూడా పైకి లాక్కుని ఒట్టి పొట్టకు ఆనించుకున్నాడు రైఫిలు బోల్టును. జానెడు పొడవు, బొటనవేలంత లావు. తగలగానే పేగులన్నీ ఒక్కసారి లోపలికి ముడుచుకున్నాయి. అమ్మో అని నోటిదాకా వచ్చిన కేకను పళ్ళ బిగువున ఆపుకున్నాడు, ఎందుకంటే పక్కనే స్టీరింగు దగ్గర బాబా ఉన్నాడు. ఇంటి యజమానిని ఇక్కడ కువైట్‌లో పనివాళ్ళంతా బాబా అనే, అంటే నాన్న అనే పిలుస్తారు, కన్నతండ్రి ఊర్లో ఉన్నా సరే, పోయినా సరే. జీపు సులైబియా గోడౌన్లు దాటి ఎడారి వైపు తిరిగింది. జనవరి చలి, అప్పుడే పొడిచిన పొద్దు, ఆ పొద్దులో వేడి లేదు. హీటరు వేస్తే ఎంత బాగుండును! కాసేపు, కాసేపంటే కాసేపు వేస్తే చాలు. వేయడు. ఏడాదంతా మండిపోయే దేశంలో పుట్టినవాడికి చలి అంటే పండగ. అద్దాలు రెండూ దించేసి, హవా జేన్, హవా జేన్ అంటూ గాలిని ముక్కు నిండా పీలుస్తున్నాడు. గాలి బాగుందట. బాగానే ఉంటుంది నాయనా, నీకేం, నా పొట్ట మీద ఉన్నదాన్ని ఒక్కసారి తాకి చూడు, అనుకున్నాడు పెంచల్. కరగాలి. ఈ బోల్టు లోపల గడ్డకట్టిన కొబ్బరినూనె అక్కడికి చేరేలోపల కరిగి తీరాలి. కరగకపోతే తుపాకి పేలదు, తుపాకి పేలకపోతే పెళ్ళాం మునిలక్ష్మి తన దగ్గరికి రాదు.

పొద్దున లేచి తల దువ్వుకుందామని సీసా వంచితే నూనె రాలేదు. లోపలంతా తెల్లగా, గట్టిగా సుద్దముక్కలాగా ఉంది. ఊర్లో కూడా చలికాలం ఇంతే కదా, అమ్మ సీసాను పొయ్యి పక్కన పెట్టేది, పొయ్యి ఖాళీగా లేకపోతే చీపురుపుల్లతో పొడిచి తీసేది, ఆ పుల్ల సీసాలోనే విరిగితే ఇంటిల్లిపాదికీ తిట్లు. నవ్వుకుంటూ సీసాను రెండు అరచేతుల మధ్య రుద్దుతున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఇదే నూనె కదా. దసరానాడు బోల్టు లోపల పూసింది ఇందులోదే కదా! మీట నొక్కగానే లోపలి స్ప్రింగు వదులుకుని, పిన్ను ముందుకు ఉరికి, తూటా వెనకాల ఠపీమని కొట్టాలి. చుట్టూ నూనె గడ్డకడితే ఉరుకు ఎక్కడుంటుంది? బురదలో నడిచే మనిషిలా నెమ్మదిగా వెళ్ళి తాకుతుంది, టిక్కుమంటుంది, అంతే. అప్పటికే బయట హారను మోగుతోంది, యల్లా పెంచల్, యల్లా. విప్పి తుడుద్దామంటే విప్పే పరికరం బాబా బీరువాలో ఉంది. అడిగితే ఎందుకని అడుగుతాడు. ఏమని చెప్పాలి? నువ్వు కలలు కంటున్న రైఫిలులో నా పెళ్ళాం ఇచ్చిన తలనూనె పోశానని చెప్పాలా? ఆ మాట చెప్పాక ఆ పెళ్ళాం సంగతి మళ్ళీ ఎత్తే మొహం ఉంటుందా? అందుకే జీపెక్కేటప్పుడు, దుమ్ము పడకుండా బోల్టు నా దగ్గర పెట్టుకుంటా బాబా, అన్నాడు. జేన్, అన్నాడు బాబా. బోల్టు వేరు, తుపాకి వేరు పెట్టుకుని ప్రయాణం చేయడం ఆయన పద్ధతే కాబట్టి ఇంకేమీ అడగలేదు.

తెలియక పూసిన నూనె కాదది. తుపాకి నూనె ఉంది, పొడుగుముక్కు డబ్బాలో, బయటంతా దానితోనే తుడిచాడు. కానీ ఆ రోజు ఆయుధపూజ. రైల్వేకోడూరులో తను పనిచేసిన వర్క్‌షాపులో ఆ రోజు లేతు మిషనుకు, వైసుకు, చివరికి అరిగిపోయిన ఆకురాళ్ళకు కూడా పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు. ఇంట్లో నాయిన తన నాటు తుపాకిని కడిగి, ఆరబెట్టి, లోపలా బయటా నూనె పూసి, కళ్ళకద్దుకుని గోడకు ఆనించేవాడు. అడవిపందుల నుంచి చెనిక్కాయ చేలు కాపాడిన తుపాకి అది, ఇంట్లో మనిషి కింద లెక్క. అలాంటి ఇంట్లో పుట్టినవాడు పండగపూట ఆయుధాన్ని ఒట్టిగా ఎలా మూస్తాడు? ఇక్కడ పరాయి దేశంలో, బాబా ఇంటి పనికొట్టంలో కొబ్బరికాయా, హారతీ కుదిరే పనేనా? ఎవరూ చూడకుండా ముని ఇచ్చిన సీసాలోంచి వేలితో ఇంత నూనె తీసి, పిన్నుకు పూసి, స్ప్రింగుకు పూసి, పెంచలకోన సామీ, ఇది ఆమె కోసం చేస్తాండా, ఆమె నూనెతోనే మూస్తాండా, ఇంక నీదే భారం, అని బిగించేశాడు. ఆ రోజు ఎండ పెనం మీద నిలబెట్టినట్టుంది, నూనె నీళ్ళలా జారుతోంది. కువైట్‌లో చలనేది ఒకటి వస్తుందని చెమటలు కక్కేటప్పుడు ఎవడికి గుర్తుంటుంది? తీరా బాబా ఏదో దేశం వెళ్ళొచ్చాడు, తర్వాత పని మీద పని పడింది, ఎడారిలో గుడారాలు వేసే కాలం వచ్చేదాకా తుపాకిని ఎవరూ ముట్టుకోలేదు. భక్తే కొంప ముంచింది. ఇంకెవడైనా అయితే డబ్బాలో నూనె కొట్టి చేతులు దులుపుకునేవాడు.

కొంచెం వెచ్చబడిందా? చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పొట్టకు ఆనిన వైపు ఫరవాలేదు, అవతలి వైపు ఇంకా చల్లగానే ఉంది. నెమ్మదిగా తిప్పి రెండో వైపు ఆనించుకున్నాడు, మళ్ళీ పేగులు ముడుచుకున్నాయి. ఈ బోల్టుతో ఎంత కాలం కాపురం చేశాడు! ఆ రైఫిలుకు పుట్టిల్లు ఒకటి కాదు. ఒళ్ళు బాబా తండ్రి కాలం నాటిది, గొట్టం ఒక దేశం నుంచి వచ్చింది, కర్ర ఇంకో దేశం నుంచి వచ్చింది, లైసెన్సు కాగితాలు బాబా పేరు మీద ఉన్నాయి. బాబాకు అదో పిచ్చి. బోల్టు లోపలి ముక్కలు అరిగిపోతే వేరే కంపెనీవాళ్ళు చేసిన కొత్తవి తెప్పించాడు. ఏమీ చెయ్యక్కర్లేదు, పెట్టగానే సరిపోతాయి అని పెట్టె మీద రాసి ఉందట, బాబా చదివి వినిపించాడు. పెంచల్ లోపల నవ్వుకున్నాడు. కొత్త ముక్క ఏదైనా కొత్తకోడలే, కొన్నాళ్ళు రాచుకోనిదే ఇంట్లో ఒదగదు. దీపం మసి పూసి లోపలికి తోసి, బయటికి తీసి, మసి ఎక్కడ చెరిగిందో చూసి, అక్కడ మాత్రమే సన్నరాయి మీద ఒక్క రుద్దు. ఎక్కువ రుద్దితే పోయినట్టే, ఇనుము మళ్ళీ మొలవదు. డ్రైవరు వీసా మీద వచ్చి, స్టీరింగు వదిలి, ఆ కొట్టంలో కూర్చుని, మళ్ళీ తన పని తన చేతికి వచ్చినందుకు ఎంత సంబరపడ్డాడో! ఈ దేశంలో దిగాక తనను తను మనిషిగా అనుకున్నది ఆ రోజుల్లోనే. చివరికి ఒకనాడు పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి దించితే ట్లక్ మని ఒక మెత్తటి చప్పుడు వచ్చింది. బాబా కళ్ళు మూసుకుని మళ్ళీ చేసి విన్నాడు, మళ్ళీ విన్నాడు.

అప్పుడే కదా ఆ మాట అన్నది. ఇది ఎడారిలో పేలి గురి పెట్టిన కాగితం నడుమ తగిలిందంటే నీకేం కావాలో అడుగు, అన్నాడు. పెంచల్ ఆలోచించనే లేదు, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అడిగేశాడు. నా పెళ్ళాం ఎగైలాలో వేరే ఇంట్లో పనిచేస్తోంది బాబా, ఆమె ఇఖామా మీ ఇంటికి మార్చుకోండి, ఇద్దరం మీ దగ్గరే ఉంటాం, మీ దగ్గరే చస్తాం. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది ఏ ఇంటి పేరు మీద ఉంటే ఆ ఇంట్లోనే పని. బాబా చూపుడువేలు ముక్కుకొనకు తాకించి, అలా ఖష్మీ, అన్నాడు. ఇక్కడివాళ్ళు ముక్కు తాకి ఆ మాట అన్నారంటే మాట ఇచ్చినట్టే, తప్పరని అందరూ చెబుతారు. పెంచల్ ఆ రాత్రి నిద్రపోలేదు. మనిషన్నాక ఒక్క ఆశ పెట్టుకోకూడదా?

శుక్రవారం ఎగైలా మాల్‌లో మునిలక్ష్మికి ఈ సంగతి చెప్పాడు. వాళ్ళ కాపురమంతా ఆ మాల్‌లోనే. ముని పనిచేసే ఇంటి యజమానురాలు, యజమాని బాబా అయితే ఆవిడ మామా, పిల్లల్ని మునికి అప్పగించి బట్టల కొట్లలోకి వెళుతుంది. ముని పిల్లలకు తినిపిస్తూ ఒక బల్ల దగ్గర కూర్చుంటుంది, పెంచల్ పక్క బల్ల దగ్గర అటు తిరిగి కూర్చుంటాడు, ఒకరినొకరు చూసుకోకుండా మాట్లాడుకుంటారు. తాళి కట్టినవాడు దొంగలా కూర్చోవాలి, అదీ ఈ దేశంలో వాళ్ళ రాత. ఎవరైనా చూసి మామాకు చెబితే ఆ శుక్రవారం కూడా ఉండదు. ముక్కు పట్టుకోని చెప్పినాడా, నిజ్జంగానా, అంది ముని. నిజ్జంగానే, అన్నాడు. మనూర్లో ముక్కు మీద వేలేసుకుంటే అబ్బురపొయినట్టు గదా, ఈడ మాటిచ్చినట్టా, అని నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. ఓరకంట చూస్తే ఆమె వేళ్ళ సందులు బ్లీచింగు నీళ్ళకు ఒరిసిపోయి ఎర్రగా ఉన్నాయి. దజీజ్ బజారుకు సరుకులకు వెళ్ళినప్పుడు కొన్నదట, కొబ్బరినూనె సీసా ఒకటి బల్ల కింద నుంచి కాలితో ఇటు నెట్టింది. నెత్తికి పెట్టుకో, ఎండిపొయిండాది, ముసిలోడి మాదిరి కనపడతాండావు, అంది. తర్వాత గొంతు తగ్గించి, నాకూ వయసు దాటిపోతాండాది, ఒక్క బిడ్డన్నా కావల్లని ఉండదా నాకు, ఎన్నాళ్ళిట్ల బల్లకొకరం కూర్చునేది, అంది. పిల్లల్లో చిన్నది కొంగు లాగితే ముని లేచి వెళ్ళింది.

మళ్ళీ తిప్పాడు. ఇప్పుడు బోల్టు చర్మం వేడికి వచ్చింది, కానీ లోపలి మాటేమిటి? పైన వేడెక్కినంత మాత్రాన లోపల కరిగినట్టు కాదు. ముందుకు వంగి, రెండు చేతులూ పొట్ట మీద ముడుచుకుని, కోడి గుడ్లను పొదిగినట్టు దాని చుట్టూ కూర్చున్నాడు. ఇసుకదారి మొదలైంది, జీపు ఎగిరెగిరి పడుతోంది. ఎగిరినప్పుడల్లా బోల్టు పిడి డొక్కలో పొడుస్తోంది. పొడవనీ. మునికి ఇఖామా ఈ నెలతో అయిపోతుంది. మామా రోజూ అడుగుతోందట, మళ్ళీ రాయించేదా, ఊరికి పంపించేదా, తేల్చి చెప్పమని. రాయిస్తే ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లోనే, ఆ బాత్రూముల్లో, పిల్లల మంచాల కింద నేల మీద పడుకుని. అందుకే పెంచల్ గట్టిగా చెప్పాడు, తుపాకి పేలినాక నేను ఫోన్ చేస్తా, బాబా మళ్ళా ఒక్కతూరి మాట ఇచ్చినాక చేస్తా, అంతదాకా మామాతో నోరు మెదపొద్దు, విన్నావా? వింటి, అంది ముని. ఎంత గట్టిగా అంది!

బాబా ఫోను మోగింది. ఒంటిచేత్తో జీపు నడుపుతూ గట్టిగా నవ్వుతూ మాట్లాడాడు. మాటల్లో పెంచల్‌కు సగమే అర్థమవుతాయి. ఎవరో గుడారానికి జనరేటరు అడుగుతున్నట్టుంది. అలా ఖష్మీ, అన్నాడు బాబా, అంటూ ముక్కు తాకాడు. అవతలివాడికి ముక్కు కనపడదు కదా, ఊరికే అలవాటుగా తాకాడు. ఇంకో ఫోను వచ్చింది, ఈసారి ఎవరో బంధువు కొడుకు ఉద్యోగం సంగతి. అలా ఖష్మీ. మళ్ళీ ఇంకొకటి, మళ్ళీ ముక్కు. పెంచల్ ఆ వేలినే చూస్తున్నాడు. ముక్కు దగ్గరికి పోతుంది, వస్తుంది, ఈగను తోలినట్టు. ఛ, ఛ, అందరికీ మాట ఇస్తాడు కాబట్టే మంచివాడు, మంచివాడు కాబట్టే అందరూ అడుగుతారు, అని తనకు తను సర్దిచెప్పుకున్నాడు. నిజానికి బాబా చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యెత్తలేదు, జీతం ఆపలేదు, పాస్‌పోర్టు అడిగితే చూపిస్తాడు. మునికి దొరికిన ఇల్లు చూశాక ఇలాంటి బాబా దొరకడం పుణ్యమే అనుకునేవాడు పెంచల్. మరి ఆ వేలు చూస్తే ఎందుకింత భయమేస్తోంది? భయమంతా నూనె గురించే, వేరే ఏమీ లేదు, నూనె కరిగితే అంతా బాగుంటుంది.

గుడారాల దగ్గర జీపు ఆగింది. అక్కడ కాపలా ఉండే దేవన్న బొగ్గుల మంట మీద చాయ్ పెడుతున్నాడు. జగిత్యాల మనిషి, గడ్డం నెరిసింది, బాబా తండ్రి బతికున్నప్పటి నుంచీ ఇక్కడే. బాబా కాగితం గురి పాతడానికి తనే ఇసుకలోకి నడుచుకుంటూ వెళ్ళాడు, అలాంటి పనులు తన చేత్తో చేసుకోవడం ఆయనకు సరదా. పెంచల్ గబగబా మంట దగ్గర చతికిలబడ్డాడు. ఏందిరా తమ్మీ, గట్ల పొట్ట పట్టుకొని కూసున్నవ్, నొస్తున్నదా, అన్నాడు దేవన్న. చలన్నా, అన్నాడు పెంచల్. బోల్టును మంటలో పెట్టే ధైర్యం లేదు, స్ప్రింగు పాడవుతుంది, అందుకే తను వేడెక్కి దానికి ఇవ్వాలని మంటకు మరీ దగ్గరగా జరిగాడు. స్వెట్టరు ఉన్ని కాలే వాసన వచ్చింది. అడగాలా వద్దా అని కాసేపు ఊగిసలాడి చివరికి అడిగేశాడు, అన్నా, బాబా మాట ఇస్తే నిలబెట్టుకుంటాడా? దేవన్న చాయ్ గ్లాసులోకి వంచుతూ తలెత్తలేదు. ఇచ్చేటప్పుడు మనసుతోనే ఇస్తడు తమ్మీ, గండ్ల అబద్ధం లేదు, అన్నాడు. కాస్త ఆగి, తెల్లారెవరకు గా మాట ఆయనకు యాదుండదు, గంతే, అన్నాడు. నా బిడ్డ పెండ్లికి నాలుగు నెలలు సెలవు ఇస్తనన్నడు, ముక్కు ముట్టుకొని అన్నడు. బిడ్డకు ఇప్పుడు బడికి పొయ్యే కొడుకున్నడు. పెంచల్ చాయ్ ముట్టుకోలేదు. దేవన్నది వేరే సంగతి, దేవన్న అడిగి ఉండడు, గుర్తు చేసి ఉండడు, మెత్తటి మనిషి, అనుకున్నాడు. అనుకున్నాడు కానీ బోల్టును ఇంకా గట్టిగా పొట్టకు అదుముకున్నాడు.

బాబా పిలిచాడు. బోల్టు తీసి ఇస్తే అరచేతిలో పట్టుకుని ఆశ్చర్యపోయాడు, ఇదేమిటి, వెచ్చగా ఉందే? పొట్ట దగ్గర పెట్టుకున్నా బాబా, అన్నాడు పెంచల్. బాబా పగలబడి నవ్వి, గుడ్డు పెట్టావా పెంచల్, అని భుజం తట్టాడు. తుపాకిలో పెట్టి ముందుకు తోశాడు, పిడి దించాడు. ట్లక్. అదే చప్పుడు. ఇసుక మీద చాప పరిచి పడుకుని చెంప ఆనించాడు. తొందరగా కాల్చు నాయనా, తొందరగా, మళ్ళీ చల్లబడిపోతుంది, అని పెంచల్ లోపల గింజుకుంటున్నాడు. బాబా తొందరపడడే! తుపాకి మీద గురిచూసే గాజును తిప్పుతాడు, టోపీ సర్దుకుంటాడు, ఏదో గొణుక్కుంటాడు. గాలి గొట్టం మీదుగా వీస్తోంది, ఆ గాలి కంటికి కనపడితే అడ్డం నిలబడేవాడు. లోపల ఆ నూనె మళ్ళీ తెల్లబడుతోందేమో, పిన్ను చుట్టూ పేరుకుంటోందేమో. సామీ, పెంచలకోన సామీ, తప్పయింది, ఈ ఒక్కతూరికి. నాయిన గుర్తొచ్చాడు, పంది ఎదురుగా వచ్చినప్పుడు తుపాకి టిక్కుమంటే ఆ టిక్కును మనిషి చచ్చేదాకా మర్చిపోడని చెప్పేవాడు, పంది తొడ చీల్చిన మచ్చ చూపించి చెప్పేవాడు. మునికి రావాల్సిన బతుకంతా ఆ జానెడు ఇనుములో ఇరుక్కుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పేలింది. ఎడారంతా పగిలినట్టు పేలింది. దూరంగా పిట్టలేవో లేచాయి. బాబా దుర్భిణిలో చూసి, లేచి, చిన్నపిల్లవాడిలా ఎగిరాడు, నడుమ, సరిగ్గా నడుమ! మళ్ళీ పడుకుని ఇంకొకటి కాల్చాడు, మొదటిదాని పక్కనే తగిలింది. పరుగెత్తుకుంటూ వచ్చి పెంచల్‌ను కౌగిలించుకున్నాడు, నీ చేతులు బంగారం, యూరప్‌లో ఇంజనీర్లు కూడా ఇలా చేయలేరు, అన్నాడు. పెంచల్ ఏడుస్తున్నాడు, సిగ్గులేకుండా ఏడుస్తున్నాడు, కరిగింది, కరిగింది తల్లీ, అనుకుంటూ. ఆ ఊపులోనే అడిగేశాడు. బాబా, నా పెళ్ళాం సంగతి. బాబా నవ్వు ఆగలేదు కానీ కనుబొమలు ముడిపడ్డాయి. నీ పెళ్ళామా? ఏమైంది, ఊర్లో ఒంట్లో బాగాలేదా? ఊర్లో కాదు బాబా, ఇక్కడే, ఎగైలాలో. బాబా కళ్ళు పెద్దవయ్యాయి. నీ భార్య కువైట్‌లో ఉందా? మాషా అల్లా, నాకు తెలియనే తెలియదే! ఆ మొహంలో నటన లేదు, కపటం లేదు. మొదటిసారి విన్న మనిషి మొహం అది, నిజంగా సంతోషించిన మొహం. పెంచల్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, కొట్టం, బోల్టు, ఆ రోజు, ముక్కు. బాబా బాధగా తలూపాడు. అయ్యో, మా ఇంటి మేడమ్ పోయిన నెలే శ్రీలంక నుంచి కొత్త మనిషిని తెచ్చుకుంది, ఇక నా పేరు మీద ఇంటి వీసా మిగల్లేదు, ఖలాస్. వచ్చే ఏడాది చూద్దాం, ఇన్షా అల్లా. అంటూనే మళ్ళీ చాప దగ్గరికి నడిచాడు, తూటాలు ఏరుకోవడానికి.

కోపం రావాలి కదా. రాలేదు. కోపానికి అవతల ఒక శత్రువు ఉండాలి, ఇక్కడ ఉన్నది మరిచిపోయిన మంచివాడు. ఇంతసేపూ తను దేనికి వణికాడు? నూనె కరిగినా ఇదే, కరగకున్నా ఇదే. తుపాకి టిక్కుమని ఉంటే కనీసం తన తప్పని ఏడ్చేవాడు, అదృష్టం లేదని ఏడ్చేవాడు. ఇప్పుడు ఏమని ఏడవాలి? దేవన్న మంట దగ్గర నుంచి చూస్తున్నాడు, అంతా అర్థమైనట్టు చూసి తల తిప్పుకున్నాడు. జేబులో ఫోను మోగింది. తను చేస్తానన్నాడు, ఆమే చేసింది. ఇసుకలో నాలుగడుగులు అవతలికి వెళ్ళి ఎత్తాడు.

"పేలిందా?" అంది మునిలక్ష్మి. గొంతులో పరుగు ఉంది.

"పేలింది."

"నాకు తెల్సు! నడుమ తగిలిందా?"

"తగిలింది. మునీ, ఒక మాట చెప్పల్ల."

"నువ్వుండు, ముందు నా మాట ఇను. పొద్దున్నే మామా మళ్ళా అడిగింది. చెప్పేసినా. ఇంక రాయించొద్దు, నా మొగుడి బాబా ఇంటికి పోతాండా అని చెప్పేసినా. ఎంత కోపమొచ్చిందో చూడాల. ఆమె మొగుడు ఇప్పుడే పొయినాడు, కాగితాలు క్యాన్సిలు చేయించడానికి."

"చెప్పొద్దంటి గదా!" అన్నాడు పెంచల్. "పేలినాక చెప్పమంటి గదా."

"నీ చేతి పని యాపొద్దన్నా తప్పినాదా? నువ్వు చేస్తే పేలక యాడికి పోతాది? ఇంకేమని ఆగేది?"

పొట్ట మీద బోల్టు ఒరిపిడికి ఎర్రబడిన చోటు ఇప్పుడు మండటం మొదలుపెట్టింది.

"మునీ, బాబాకు గుర్తు లేదు."

"ఏంది గుర్తు లేదు?"

"మాట. నువ్వు. నువ్వు ఈ దేశంలో ఉండావనే గుర్తు లేదు. వీసా లేదంట. మీ మామా మొగుడికి ఫోన్ చేయించు, కాళ్ళు పట్టుకో, వద్దని చెప్పు."

"ఆయన పొయినాడు గదా," అంది ముని. "ఊరికి టికెట్టు గూడా తీస్తానన్యాడు." వెనకాల పిల్లల అరుపులు వినపడుతున్నాయి, ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమె పలకడం లేదు.

చాప దగ్గర బాబా మూడోసారి కాల్చాడు. ఆ చప్పుడు ఫోనులోంచి ఎగైలా దాకా పోయి ఉంటుంది.

"అదేనా?" అంది ముని.

"అదే."

"బాగా పేలతాండాది," అంది, అని ఏడవడం మొదలుపెట్టింది.